బైకార్బనేటు నీటిలో మొక్కల అక్వేరియం: కార్బన్ డయాక్సైడ్ సరఫరా, ఎరువుల యాజమాన్యం

గాజు తొట్టిలో చేపలతోపాటు నీటి మొక్కలను పెంచడం ఇప్పుడు నగరాలకే పరిమితమైన వేడుక కాదు. చిన్న పట్టణాల ఇళ్లలోను, కళాశాలల ప్రయోగశాలలలోను మొక్కల అక్వేరియంలు కనిపిస్తున్నాయి. వాటిలో చాలా భాగం ఒకే తీరున చెడిపోతాయి. నాటిన రెండు మూడు వారాలకు కొత్త ఆకులు పాలిపోయి చిన్నవవుతాయి. పాత ఆకులపై పాచి పడుతుంది. కాండం మొదలు కుళ్లి మొక్క పైకి తేలుతుంది. వ్యవసాయ నేపథ్యం గల ప్రాంతంలో ఈ దశలో యజమానికి మొదట తోచే మందు ఎరువు. పైరు పచ్చబారకపోతే యూరియా చల్లినట్లే తొట్టిలోనూ చిటికెడు యూరియానో, 19:19:19 మిశ్రమాన్నో వేస్తారు. మరునాటికి చేపలు నీటి పైపొరకు చేరి నోళ్లు తెరుస్తాయి. పాచి మాత్రం ఏపుగా పెరుగుతుంది.

మన ప్రాంతపు నీటిలో అక్వేరియం మొక్కకు మొదట కొరవడేది నత్రజని కాదు, భాస్వరం కాదు, కర్బనం. ఆ కొరతను తీర్చే పద్ధతులున్నాయి. అయితే మెత్తని నీరు దొరికే దేశాలలో రాసిన కొలతలను మన కఠిన జలానికి ఉన్నవి ఉన్నట్లు వాడితే మొక్కలు బతికినా చేపలు చనిపోతాయి. జగిత్యాల సమీపంలోని పొలాసలోను, సిరిసిల్లలోను వ్యవసాయ కళాశాలలు, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నాయి. ఈ విషయమై ప్రశ్నలు చివరకు అక్కడి అధ్యాపకుల వద్దకు, విస్తరణ శాస్త్రవేత్తల వద్దకు చేరుతాయి కనుక, సమాధానానికి అవసరమైన రసాయన శాస్త్రాన్ని, లెక్కలను ఇక్కడ వివరించడమైనది.

నీటిలో కర్బనం

గాలిలో కార్బన్ డయాక్సైడ్ ప్రస్తుతం పది లక్షల భాగాలకు సుమారు 420 భాగాలు ఉన్నది. ఆ గాలితో సమతుల్యతకు వచ్చిన నీటిలో, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, కరిగి ఉండే కార్బన్ డయాక్సైడ్ లీటరుకు సుమారు 0.6 మి.గ్రా. మాత్రమే. నీరు వేడెక్కినకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. పరిమాణం తక్కువన్నది సగం కథ. వాయువు నీటిలో వ్యాపించే వేగం గాలిలో వ్యాపించే వేగంలో సుమారు పదివేల వంతు. ఆకు చుట్టూ కదలని పలుచని నీటిపొర ఒకటి ఉంటుంది. మొక్క ఆ పొరలోని కార్బన్ డయాక్సైడ్‌ను వెలుతురు పడిన కొద్దిసేపటికే వాడుకుంటుంది. వెలుపలి నుండి కొత్త వాయువు ఆ పొరను దాటి రావడానికి సమయం పడుతుంది. పొలంలోని మొక్కకు గాలి ఆడితే చాలు. నీటి మొక్కకు గాలి బదులు నీరు ఆడాలి, ఆ నీటిలో వాయువు ఉండాలి. తొట్టిలో నీటి ప్రవాహం లేకుండా ఎంత వాయువు పంపినా ఫలితం తక్కువగా ఉండటానికి కారణం ఇదే.

బోరు నీటిలో అసలు కర్బనమే లేదని దీని అర్థం కాదు. ఈ జిల్లాలలోని భూగర్భ జలం గ్రానైటు వంటి కఠిన శిలల పగుళ్లలో నిలిచిన నీరు. దానిలో బైకార్బనేటు సాధారణంగా అధికం. నీటి క్షారత కాల్షియం కార్బనేటు లెక్కన లీటరుకు 300 మి.గ్రా. అనుకుంటే, ఆ బైకార్బనేటులో ఉన్న కర్బనం లీటరుకు 72 మి.గ్రా. అదే నీరు గాలితో సమతుల్యతకు వచ్చినప్పుడు కార్బన్ డయాక్సైడ్ రూపంలో ఉన్న కర్బనం లీటరుకు 0.16 మి.గ్రా. అనగా నాలుగు వందల రెట్లకు పైగా కర్బనం తొట్టిలోనే ఉన్నది కాని, చాలా మొక్కలు దానిని అందుకోలేవు. నేలలో ఇనుము సమృద్ధిగా ఉన్నా సున్నపు నేలలో వరి నారుమడి ఇనుప ధాతు లోపంతో తెల్లబడటం ఇటువంటిదే.

ఏ మొక్కను నాటాలి

కొన్ని మొక్కలు బైకార్బనేటును కూడా వాడుకోగలవు. మన చెరువులలో, కాలువలలో పెరిగే హైడ్రిల్లా, వాలిస్నేరియా, సెరాటోఫిల్లమ్ ఈ కోవలోనివి. హైడ్రిల్లా ఆకు కింది వైపున ఆమ్లాన్ని విడుదల చేసి అక్కడి బైకార్బనేటును కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి గ్రహిస్తుంది. పై వైపున క్షారం వెలువడి, కాల్షియం కార్బనేటు తెల్లని గరుకు పొరగా పేరుకుంటుంది. ఆకులను వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా తగిలేది అదే. దానిని రోగంగా భావించి మందు వేయనవసరం లేదు. హైడ్రిల్లాకు మరొక విశేషం కలదు. కర్బనం కొరవడిన నీటిలో అది మొక్కజొన్న, జొన్నలలో కనిపించే సి-4 తరహా మార్గానికి మారగలదు. మొక్కజొన్నకు ఉన్న క్రాంజ్ కణ నిర్మాణం దానికి లేదు. ఒకే కణంలో ఆ పని జరుపుకుంటుంది. వృక్ష శరీరధర్మ శాస్త్రం చదివే విద్యార్థికి రెండు రూపాయల ఖర్చు లేకుండా చెరువులో దొరికే ఉదాహరణ ఇది.

నీటి నాచుమొక్కలు, కబోంబా వంటివి ప్రధానంగా కరిగిన కార్బన్ డయాక్సైడ్‌పైనే ఆధారపడతాయి. ఆకర్షణీయమైన ఎర్రని ఆకుల కోసం కొనే రోటాలా, లుడ్విజియా, అమ్మానియా జాతులు కూడా వాయువు అందించినప్పుడే చక్కగా పెరుగుతాయి. రోటాలా, అమ్మానియా, లుడ్విజియా, లిమ్నోఫిలా, నాలుగాకుల మార్సీలియా - ఇవన్నీ వరి పొలంలో కలుపు మొక్కల జాబితాలో ఉన్న ప్రజాతులే. పొలంలో కలుపు మందు సిఫారసు చేసే శాస్త్రవేత్తనే, పట్నంలో కుండీకి ఇంతని వెల పెట్టి కొన్న అదే ప్రజాతి మొక్క ఎందుకు బతకడం లేదని అడగడం జరుగుతున్నది. వరి పొలంలో ఆ మొక్కల కొమ్మలు నీటిపైకి వచ్చి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా తీసుకుంటాయి, అడుగున బురద నుండి కూడా వాయువు వెలువడుతుంది. తొట్టిలో ఈ రెండూ లేవు.

కావున వాయువు సరఫరాకు ఖర్చు పెట్టదలచనివారికి వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటి మొక్కలను సూచించడమే సరైన సలహా. సలహా అడిగిన ప్రతివారికి సిలిండరు కొనమని చెప్పనవసరం లేదు.

నీటి పరీక్ష, వాయువు లెక్క

తొట్టిలో ఎంత కార్బన్ డయాక్సైడ్ ఉన్నదో నేరుగా కొలవడం కష్టం. క్షారత, ఉదజని సూచిక తెలిస్తే లెక్కించవచ్చును. భూసార, నీటి పరీక్షా కేంద్రాలలో క్షారతను ఆమ్లంతో టైట్రేషన్ చేసి కాల్షియం కార్బనేటు రూపంలో ఇస్తారు. దానిని 17.85తో భాగిస్తే అక్వేరియం పుస్తకాలలో వాడే జర్మన్ డిగ్రీలు వస్తాయి. ఆ డిగ్రీలను మూడుతో గుణించి, వచ్చినదానిని 7 నుండి ఉదజని సూచికను తీసివేయగా మిగిలిన సంఖ్య 10కి ఘాతంగా వచ్చే విలువతో గుణిస్తే, లీటరుకు మి.గ్రా.లలో కార్బన్ డయాక్సైడ్ తెలుస్తుంది.

మొక్కలకు అనుకూలమై, చేపలు సాధారణంగా ఓర్చుకునే స్థాయి లీటరుకు 20 నుండి 30 మి.గ్రా. మెత్తని నీటిలో, అనగా 4 డిగ్రీల నీటిలో, ఉదజని సూచిక 6.6 వద్ద వాయువు 30 మి.గ్రా. ఉంటుంది. విదేశీ పుస్తకాలలో 6.6 - 6.8 ఆదర్శమని కనిపించేది ఇటువంటి నీటిని దృష్టిలో ఉంచుకొనే. ఇప్పుడు క్షారత 300 మి.గ్రా. ఉన్న బోరు నీటిని తీసుకుందాం. అది 16.8 డిగ్రీలు. ఉదజని సూచిక 8.2 ఉన్నప్పుడు ఈ నీటిలో వాయువు 3 మి.గ్రా. 7.6 వద్ద దాదాపు 13 మి.గ్రా. 7.2 వద్ద 32 మి.గ్రా. అనగా ఈ నీటికి పరిమితి 7.2 వద్దనే వచ్చినది. పుస్తకంలో 6.8 అని ఉన్నది కదా అని అక్కడి వరకు వాయువు పంపితే లీటరుకు 80 మి.గ్రా. అవుతుంది. చేప రక్తం ఆక్సిజన్‌ను మోసుకుపోయే శక్తి ఆ స్థాయిలో బాగా దెబ్బతింటుంది. నీటిలో ఆక్సిజన్ ఉన్నా చేప ఊపిరాడక చనిపోతుంది. ఈ ఒక్క లెక్క తెలియక జరిగే నష్టం ఎరువుల వల్ల జరిగే నష్టం కంటే తక్కువేమీ కాదు.

రెండు జాగ్రత్తలు అవసరం. బోరు నుండి అప్పుడే తోడిన నీటిలో భూమి లోపలి కార్బన్ డయాక్సైడ్ అధికంగా కరిగి ఉంటుంది. ఒక రోజు గాలి తగిలేట్లు ఉంచితే అది వెళ్లిపోయి ఉదజని సూచిక పెరుగుతుంది. కనుక నీటి స్వభావం తెలుసుకునే పరీక్ష ఆ తరువాతే చేయవలెను. రెండవది, ఈ సూత్రం బైకార్బనేటు ఒక్కటే క్షారతకు కారణమైనప్పుడు వర్తిస్తుంది. తొట్టిలో ఫాస్ఫేటు, హ్యూమిక్ ఆమ్లాలు ఎక్కువగా ఉంటే ఫలితం తప్పుతుంది.

ఈ చిక్కును తప్పించుకోవడానికి ఒక సులభమైన ఉపాయం కలదు. స్వేదన జలంలో లీటరుకు 0.12 గ్రా. సోడియం బైకార్బనేటు కరిగిస్తే ఖచ్చితంగా 4 డిగ్రీల ద్రావణం తయారవుతుంది. అంత తక్కువ బరువు తూచడం కష్టమైతే 1.2 గ్రా. లీటరు నీటిలో కరిగించి, దానిలో 100 మి.లీ. తీసుకొని స్వేదన జలంతో లీటరుకు పెంచవచ్చును. ఆ ద్రావణంలో కొన్ని చుక్కల బ్రోమోథైమాల్ బ్లూ కలిపి, చిన్న గాజు గిన్నెలో పోసి, దాని మూతి నీటి వైపు ఉండేట్లు, మధ్యలో గాలి బుడగ నిలిచేట్లు తొట్టి లోపల తలకిందులుగా అమర్చాలి. తొట్టి నీరు ఈ ద్రావణాన్ని తాకదు. వాయువు మాత్రమే గాలి బుడగ ద్వారా చేరుతుంది. నీలం రంగు ఉంటే వాయువు తక్కువ, ఆకుపచ్చ ఉంటే సుమారు 30 మి.గ్రా., పసుపు రంగుకు తిరిగితే ప్రమాదం. తొట్టి నీరు ఎంత కఠినమైనదైనా ఈ పరికరం చెప్పేది మారదు. రంగు మారడానికి గంటకు పైగా పడుతుంది కాబట్టి తొందరపడి వాయువు పెంచరాదు.

గోదావరి, మానేరు నీటితో సరఫరా అయ్యే మిషన్ భగీరథ నీరు సాధారణంగా బోరు నీటికన్నా మెత్తన. అందుబాటులో ఉన్నచోట దానినే వాడటం మేలు. క్లోరిన్ పోయేవరకు ఒక రోజు నిల్వ ఉంచి, లేదా సోడియం థయోసల్ఫేటు కలిపి వాడవలెను. ఆర్.ఓ. నీటిని బోరు నీటితో సగం సగం కలిపితే క్షారత దాదాపు సగమవుతుంది, ఆర్.ఓ. నీటిని మాత్రమే పోస్తే కాల్షియం, మెగ్నీషియం లేక మొక్కలు దెబ్బతింటాయి, ఉదజని సూచిక నిలకడ తప్పుతుంది.

వాయువును అందించే మార్గాలు

చక్కెర, బ్రెడ్ ఈస్టు సీసా పద్ధతి చౌకైనది. 100 గ్రా. చక్కెర పూర్తిగా పులిస్తే సిద్ధాంతరీత్యా 51 గ్రా. వాయువు వస్తుంది. వినడానికి ఇది కొంచెమే. కాని 50 లీటర్ల నీటిలో 30 మి.గ్రా. స్థాయికి కరిగి ఉండవలసిన వాయువు మొత్తం 1.5 గ్రా. మాత్రమేనన్న సంగతి గుర్తుంచుకుంటే సీసా ఎంత శక్తి గలదో అర్థమవుతుంది. ఈ పద్ధతికి ఆపే మీట లేదు. చలికాలంలో నెమ్మదిగా, వేసవిలో గది వేడి 38 డిగ్రీలు దాటినప్పుడు ఉధృతంగా వాయువు వెలువడి నాలుగైదు రోజులలోనే అయిపోతుంది. రాత్రివేళ మొక్కలు వాయువు తీసుకోవు, పైగా అవి కూడా శ్వాసిస్తాయి. సీసా మాత్రం పంపుతూనే ఉంటుంది. విద్యుత్తు పోయి గాలి పంపు కూడా ఆగిన రాత్రి తరువాత తెల్లవారుజామున చేపలు చనిపోయి కనిపించడం ఈ పద్ధతిలో ఎక్కువ. చేపల చెరువుల రైతులకు తెలిసిన వేకువజాము మరణాలకు కూడా ఇదే మూలం. 32 డిగ్రీల నీటిలో ఆక్సిజన్ పూర్తిగా కరిగినా లీటరుకు 7.3 మి.గ్రా. మించదు, 20 డిగ్రీలలో అది 9.1 మి.గ్రా. మన వేసవిలో చేపకు మొదటి నుండే వెసులుబాటు తక్కువ.

నిమ్మ ఉప్పు, వంట సోడా పద్ధతి దీనికన్నా మెరుగు. 200 గ్రా. వంట సోడాకు 150 నుండి 165 గ్రా. నిమ్మ ఉప్పు సరిపోతుంది. సుమారు 105 గ్రా. వాయువు వస్తుంది. సూది కవాటంతో వేగాన్ని అదుపు చేయవచ్చును, రాత్రి మూయవచ్చును. అయితే శీతల పానీయాల సీసాలలో పీడనం పెరుగుతుంది కనుక వాటిని ఎండ తగలని చోట, మూత గల బకెట్టులో ఉంచవలెను. ఏ పద్ధతిలోనైనా నీరు వెనుకకు పీల్చుకోకుండా గొట్టంలో ఏకదిశ కవాటం తప్పనిసరి.

సిలిండరు, పీడన నియంత్రకం, విద్యుత్ కవాటం, సూది కవాటం గల ఏర్పాటు అన్నింటికన్నా స్థిరమైనది. దీపాలు వెలగడానికి గంట ముందు వాయువు మొదలై, ఆరిపోవడానికి గంట ముందు ఆగేట్లు గడియార మీటకు కలపవలెను. విద్యుత్తు పోతే వాయువు దానంతట అది ఆగిపోయే కవాటాన్నే ఎంచుకోవలెను. 50 లీటర్ల తొట్టికి సెకనుకు ఒక బుడగతో మొదలుపెట్టి, రంగు గిన్నెను చూస్తూ మూడు నాలుగు రోజులలో సరిచేసుకోవచ్చును. బుడగ పరిమాణం పరికరాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఒకరి బుడగల లెక్క మరొకరికి పనికిరాదు.

సిలిండరు విషయంలో మన వాతావరణం ప్రత్యేకంగా పరిగణించవలసినది. 20 డిగ్రీల వద్ద సిలిండరులో సుమారు 57 బార్ల పీడనం, 30 డిగ్రీల వద్ద సుమారు 72 బార్ల పీడనం ఉంటుంది. 31 డిగ్రీల వద్ద కార్బన్ డయాక్సైడ్ సందిగ్ధ ఉష్ణోగ్రత. దానిని దాటాక ద్రవం, వాయువు అన్న భేదం ఉండదు, ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ పీడనం వేగంగా హెచ్చుతుంది. మే నెలలో పగటి వేడి 42 - 45 డిగ్రీలకు చేరే జగిత్యాలలో, రేకుల గదిలోనో కిటికీ పక్కన ఎండలోనో సిలిండరు పెట్టడం, నిర్ణీత బరువుకు మించి నింపించడం అపాయకరం. పాత అగ్నిమాపక సిలిండరును పరీక్ష లేకుండా వాడరాదు. మరొక లెక్క కూడా చెప్పవలసి ఉన్నది. రెండు కిలోల వాయువు ఒక్కసారిగా వెలువడితే సుమారు 1.1 ఘనపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల మూసిన గదిలో అది గాలిలో దాదాపు 4 శాతం. ఆ స్థాయి మనుషులకే ప్రాణాపాయం. పడక గదిలో సిలిండరు ఉంచవద్దని నిష్కర్షగా చెప్పవలెను.

దుకాణాలలో ద్రవ కర్బనం పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఉండేది గ్లుటరాల్డిహైడ్. పశువైద్య విద్యార్థులకు అది క్రిమిసంహారిణిగా సుపరిచితం. పాచిని అణచగలదు కాని కార్బన్ డయాక్సైడ్‌కు ప్రత్యామ్నాయం కాదు. పైగా మన నీటికి బాగా నప్పే వాలిస్నేరియాను అది తరచుగా కరిగించివేస్తుంది.

ఎరువులు

కర్బనం అందిన తరువాతే ఎరువుల ప్రశ్న. వెలుతురు పెంచితే కర్బనం అవసరం పెరుగుతుంది, కర్బనం పెరిగితే పోషకాల అవసరం పెరుగుతుంది. ఈ వరుసను తలకిందులు చేసి ఎరువుతో మొదలుపెడితే లాభపడేది పాచి. లీబిగ్ కనిష్ఠ నియమం పొలంలో కన్నా తొట్టిలో త్వరగా రుజువవుతుంది.

యూరియా, డి.ఎ.పి., 19:19:19 తొట్టిలో వేయరాదు. మూడవదానిలోనూ నత్రజని ఎక్కువ భాగం యూరియా, అమ్మోనియా రూపాలలోనే ఉంటుంది. అమ్మోనియంలో విషపూరితమైన అమ్మోనియా వాయువు వాటా ఉదజని సూచికపై ఆధారపడుతుంది. 30 డిగ్రీల నీటిలో ఉదజని సూచిక 7 వద్ద అది ఒక శాతం లోపు, 8 వద్ద 7 - 8 శాతం, 9 వద్ద దాదాపు 45 శాతం. మెత్తని ఆమ్ల జలంలో చేపలు తట్టుకున్న మోతాదు మన బోరు నీటిలో వాటిని చంపడానికి కారణం ఇదే. పైర్లపై పిచికారీకి అమ్మే సూక్ష్మపోషక మిశ్రమాలలో జింకు, రాగి చేపలకు, ముఖ్యంగా రొయ్యలకు, హాని చేసే స్థాయిలో ఉంటాయి.

నత్రజని అవసరం ఎంత? చేపల మేతనే ముందు లెక్కించాలి. రోజుకు అర గ్రాము మేత, దానిలో 40 శాతం మాంసకృత్తులు అనుకుంటే 32 మి.గ్రా. నత్రజని తొట్టిలో చేరుతుంది. వారానికి 224 మి.గ్రా. అదంతా నైట్రేటుగా మారితే 50 లీటర్ల తొట్టిలో లీటరుకు 20 మి.గ్రా. చేప శరీరంలో కొంత నిలిచినా, మొక్కల అవసరంలో పెద్ద భాగం మేతతోనే తీరుతుంది. ఇక తెలంగాణలో అనేక చోట్ల బోరు నీటిలోనే నైట్రేటు, తాగునీటికి నిర్దేశించిన 45 మి.గ్రా. పరిమితిని దాటి ఉన్నది. అటువంటి నీటితో నింపిన తొట్టికి మళ్లీ నైట్రేటు ఎరువు వేయమనడం అర్థం లేని పని. ముందు నీటిని పరీక్షించవలెను.

చేపలు తక్కువై, మొక్కలు దట్టమై, పరీక్షలో నైట్రేటు 5 మి.గ్రా. లోపు ఉంటే 13:0:45, అనగా పొటాషియం నైట్రేటు, అనువైనది. బిందుసేద్యానికి వాడే నీటిలో కరిగే రకం సరిపోతుంది. సంచిపై అంకెలు నత్రజని, భాస్వరపు ఆక్సైడు, పొటాషియపు ఆక్సైడు శాతాలు. అక్వేరియం పరీక్షలు నైట్రేటు, ఫాస్ఫేటు రూపంలో చెబుతాయి. నత్రజనిని 4.43తో గుణిస్తే నైట్రేటు, భాస్వరపు ఆక్సైడును 1.34తో గుణిస్తే ఫాస్ఫేటు, పొటాషియపు ఆక్సైడును 0.83తో గుణిస్తే పొటాషియం వస్తాయి. 50 లీటర్ల నీటిలో నైట్రేటు 10 మి.గ్రా. పెంచడానికి 0.87 గ్రా. 13:0:45 కావలెను, దానితో పొటాషియం కూడా 6.5 మి.గ్రా. పెరుగుతుంది. ఫాస్ఫేటు 1 మి.గ్రా. పెంచడానికి 0:52:34 కేవలం 0.072 గ్రా. చాలు. ఇంత తక్కువ బరువును చిటికెలతో కొలవరాదు. 43.5 గ్రా. 13:0:45, 3.6 గ్రా. 0:52:34 కలిపి 500 మి.లీ. ద్రావణం చేసుకుంటే, 10 మి.లీ.తో పై రెండు మోతాదులు అందుతాయి. నత్రజని చాలినంత ఉండి పొటాషియం ఒక్కటే కొరవడినప్పుడు 0:0:50 వాడవచ్చును, 1.2 గ్రా.తో 50 లీటర్లలో పొటాషియం 10 మి.గ్రా. పెరుగుతుంది. మేతలో నత్రజని, భాస్వరం వచ్చినంతగా పొటాషియం రాదు. పాత ఆకులలో సూది రంధ్రాలు, వాటి చుట్టూ పసుపు కనిపిస్తే మొదట అనుమానించవలసినది దానినే.

ఇనుము సంగతి వేరు. కొత్త ఆకులు ఈనెల మధ్య తెల్లబడటం నారుమడిలో చూసినట్లే ఉంటుంది. నారుమడిలో అన్నభేదిని నిమ్మ ఉప్పుతో కలిపి పిచికారీ చేస్తాం. తొట్టి నీటిలో అన్నభేది వేస్తే నిమిషాలలో ఆక్సీకరణం చెంది తుప్పు రంగు మడ్డిగా దిగిపోతుంది. చీలేటు రూపమే వాడాలి. ఇ.డి.టి.ఎ. చీలేటు ఉదజని సూచిక 6.5 వరకు స్థిరంగా ఉంటుంది. మన నీటికి డి.టి.పి.ఎ. మేలు, 7.5 దాటిన నీటిలో ఇ.డి.డి.హెచ్.ఎ. ఒక్కటే నిలుస్తుంది, అయితే నీటికి ఎర్రని రంగు వస్తుంది. వాయువు సరఫరా చేసి ఉదజని సూచిక తగ్గించిన తొట్టిలో ఇనుము కూడా అందుబాటులోకి వస్తుంది. లీటరుకు 0.1 మి.గ్రా. ఇనుము చాలు. ఇనుమును, ఫాస్ఫేటును ఒకే సీసాలో కలపరాదు.

పుష్కలంగా ఎరువు వేసి వారానికోసారి సగం నీరు మార్చే పద్ధతి అమెరికాకు చెందిన టామ్ బార్ ప్రచారంలోకి తెచ్చినది. ఫలితాలిస్తుంది, పరీక్షల శ్రమ ఉండదు. కాని వేసవిలో బోర్లు ఎండే ప్రాంతంలో వారం వారం అంత నీరు పారబోయమని సిఫారసు చేయలేము. మేత లెక్క, నెలకు ఒక పరీక్ష, వారానికి ఐదవ వంతు నీటి మార్పు ఇక్కడ సరిపోతాయి. తీసిన నీరు పూలకుండీలకు ఎరువే.

అడుగు మట్టి

ఎర్ర చల్కా మట్టిని జల్లించి రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరచి, పైన కడిగిన ఇసుక మూడు నాలుగు సెంటీమీటర్లు వేస్తే ద్రవ ఎరువుల అవసరం చాలావరకు తగ్గుతుంది. నల్లరేగడి ఉబ్బి నీటిని మడ్డి చేస్తుంది. దానిలోని సున్నపు గుళికలు క్షారతను ఇంకా పెంచుతాయి. పశువుల ఎరువు కలపరాదు. ముంపు నేలలలో ఆక్సిజన్ తొలగినకొద్దీ ఇనుము కరిగే రూపానికి మారుతుందని, భాస్వరం విడుదలవుతుందని, ఆమ్ల, క్షార నేలలు రెండూ తటస్థతకు చేరువవుతాయని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పొన్నంపెరుమ వివరించిన సంగతులు ఈ మట్టి పొరకూ యథాతథంగా వర్తిస్తాయి. కుళ్లే సేంద్రియ పదార్థం కొంత కార్బన్ డయాక్సైడ్‌ను కూడా ఇస్తుంది. సిలిండరు లేని తొట్టికి అదే కర్బనపు ఆధారం.

కొత్త తొట్టిలో చేపలను వెంటనే వదలరాదు. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు స్థిరపడటానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. 1850లో లండనులో రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ బంగారు చేపలను, వాలిస్నేరియాను, నత్తలను ఒకే తొట్టిలో ఉంచి నీరు మార్చకుండా సమతుల్యత సాధించవచ్చునని ప్రకటించాడు. ఆయన కుమారుడు, అదే పేరు గల రాబర్ట్ వారింగ్టన్, రోథామ్‌స్టెడ్‌లో నేలలోని నైట్రీకరణంపై పని చేసి, అది రెండు అంచెలలో వేర్వేరు జీవులు జరిపే క్రియ అని చూపాడు. తండ్రి తొట్టిలో చేపలను బతికించిన క్రియ కొడుకుకు పొలంలో పరిశోధనాంశమైనది.

తొట్టి నుండి వరి మడికి

విద్యార్థుల ప్రయోగంగా ఈ తొట్టిని వాడుకోవడానికి ఒక మంచి కారణం ఉన్నది. వాయువు సరఫరా లేని, హైడ్రిల్లా దట్టంగా ఉన్న తొట్టిలో ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు ఉదజని సూచిక కొలవాలి. పగలు మొక్కలు కర్బనం లాగివేయడంతో అది బాగా పెరిగి, రాత్రి శ్వాసక్రియతో తిరిగి తగ్గుతుంది. అదే రోజులలో నాటిన రెండు మూడు వారాల వరి మడిలో, పాచి పట్టిన నిలువ నీటిలో, అవే సమయాలలో కొలవాలి. పాచి ఉన్న మడి నీటిలో మధ్యాహ్నం ఉదజని సూచిక 9 దాటడం సామాన్యం. అప్పుడు నిలువ నీటిలో చల్లిన యూరియా నుండి ఏర్పడే అమ్మోనియంలో దాదాపు సగం గాలిలోకి పోగల వాయు రూపంలో ఉంటుంది. నీరు తీసి, బురద పదునులో యూరియా వేసి, తరువాత నీరు పెట్టమని చెప్పే సిఫారసుకు ఆధారం ఇదే. రైతుకు ఆ సిఫారసు చెప్పే విద్యార్థి దాని వెనుక ఉన్న అంకెలను స్వయంగా చూసి ఉండటం మంచిది.

నమూనాను సీసాలో తీసుకొని ప్రయోగశాలకు వెళ్లే లోపు వాయువు మారిపోతుంది కాబట్టి కొలత అక్కడికక్కడే చేయవలెను. తప్పనప్పుడు సీసాను అంచు వరకు నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించి, అరగంట లోపు కొలవాలి. తొట్టిలో కత్తిరించిన మొక్క ముక్కలను చెరువులోగాని కాలువలోగాని వేయరాదు. కబోంబా వంటి పరాయి జాతులు ముక్క నుండే మళ్లీ పెరుగుతాయి. గుర్రపుడెక్క మన చెరువులను ఎలా కప్పివేసినదో చూస్తూనే ఉన్నాం. ఆ ముక్కలను ఎండబెట్టి కంపోస్టు గుంతలో వేయవలెను.